ఆన్‌లైన్ కోర్సు మొదలుపెట్టడం – మూడో పాఠం: గంట కొట్టని తరగతి

ఈసారి నోట్సు రాసుకునే పద్ధతి చెబుతానని పోయిన పాఠం చివర మాట ఇచ్చాను. చెబుతాను, కానీ పాఠం మొత్తం దానికి ఇవ్వలేను. రెండో పాఠం చదివి కోర్సులో చేరిన పిల్లలు ఈ మూడు వారాల్లో నా దగ్గరికి వచ్చి చెప్పుకున్న కష్టాలు విన్నాను. ఒడిశా గజపతి జిల్లాలోని మన పర్లాకిమిడి వాళ్లున్నారు, కాశీనగరం వాళ్లున్నారు, వాగు దాటి ఆంధ్రలోని పాతపట్నం నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. అందరి కష్టమూ ఇంచుమించు ఒకటే. ముందు దాని సంగతి చూద్దాం.

రెండో పాఠంలో మూడు పనులు చెప్పాను. కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ కోర్సులు నడిపే స్వయం సైట్‌లో ఖాతా తెరవండి, ఒక్క కోర్సు ఎంచుకుని ఎన్‌రోల్ అవండి, మొదటి వారం పాఠాలు చూడండి అని. ఒక అమ్మాయి ఆరు కోర్సుల్లో ఎన్‌రోల్ అయింది. "ఉచితమే కదా మాస్టారూ, ఉంటే ఏటి పోయింది?" అంది. పోయింది. ఆరు కోర్సులకూ వారం వారం వచ్చే మెయిళ్లలో తను నిజంగా చదవాల్సిన కోర్సు మెయిలు కలిసిపోయింది, తను చూసుకోలేదు. ఒక అబ్బాయి మొదటి వారం వీడియోలన్నీ ఆదివారం ఒక్కరోజే చూసేశాడు. శ్రద్ధగా చూశాడు, ఆ మాట నమ్ముతాను. కానీ అసైన్‌మెంట్ పేజీ తెరిచింది గురువారం పొద్దున. గడువు బుధవారం రాత్రితో అయిపోయింది. ఇంకొకరు నెట్ సెంటర్‌లో ఖాతా తెరిపించుకున్నారు, ఆ సెంటర్ నడిపే ఆయన మెయిల్ ఐడీతో! రెండోసారి లాగిన్ అవ్వాలంటే మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లాలి.

ఇందులో నా తప్పు ఉంది. పాఠాలు చూడండి అన్నాను గానీ జవాబులు పంపండి అనలేదు. గడువు అనే మాట ఆ పాఠంలో ఒక్కసారి కూడా రాయలేదు. నాకు తెలిసిన విషయం కాబట్టి మీకూ తెలుసనుకున్నాను.

కాలేజీలో చదివేటప్పుడు మనకు తెలియకుండానే చాలామంది మన పని చేసిపెడతారు. గంట కొడతారు, అటెండర్ నోటీసు తెచ్చి చదివిస్తాడు, లెక్చరర్ "రేపు టెస్టు" అని రెండుసార్లు చెబుతారు, అప్పటికీ మరిచిపోతే పక్కింటి స్నేహితుడు గుర్తు చేస్తాడు. ప్లస్ టూ, ప్లస్ త్రీ (ఇంటర్, డిగ్రీ) అంతా అలాగే గడుస్తుంది. ఆన్‌లైన్ కోర్సులో వీళ్లెవరూ లేరు. మెయిలు వస్తుంది, అంతే. మీరు చూడలేదని ఎవరూ ఫోన్ చేయరు. కోర్సు మొదలుపెట్టడం అంటే మొదటి వీడియో చూడటం అని చాలామంది అనుకుంటున్నారు. నా దృష్టిలో మొదటి వీడియో కంటే ముందే కోర్సు మొదలవుతుంది. గంట కొట్టే పని, నోటీసు తెచ్చే పని, గుర్తుచేసే పని మీరు మీ చేతుల్లోకి తీసుకున్న రోజున మొదలవుతుంది.

పాస్‌వర్డు ఎలా పెట్టుకోవాలి, సొంత మెయిల్ ఐడీ ఎలా తెరవాలి లాంటివి ఇక్కడ చెప్పను, అవి మీకు వచ్చు. నెట్ సెంటర్ మెయిల్‌తో చేరినవాళ్లు మాత్రం ఈరోజే సొంత మెయిల్‌తో మళ్లీ చేరండి. చేరే గడువు దాటకముందే చేయాలి.

ఇక తేదీల కాగితం. నాకు ఫోన్ రిమైండర్ల మీద నమ్మకం లేదు. మోగుతుంది, ఆపేస్తాం, మరిచిపోతాం. గోడకు వేలాడే తిథుల క్యాలెండరు తీసుకోండి, ఇంట్లో పాల లెక్క రాసేది. కోర్సు పేజీలో ప్రతి అసైన్‌మెంట్‌కూ గడువు రాసి ఉంటుంది. స్వయంలో ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ కోర్సుల్లో చాలావాటికి అది బుధవారం రాత్రి 11:59. మీ కోర్సులో వేరే రోజు ఉంటే ఆ రోజే లెక్క. ఆ గడువు క్యాలెండర్‌లో రాయకండి. దానికి రెండు రోజుల ముందు, సోమవారం గడిలో రాయండి. మీ గడువు సోమవారం సాయంత్రం. బుధవారం కరెంటు పోయినవాళ్ల కోసం, సిగ్నల్ లేనివాళ్ల కోసం, కొండ మీద ఆర్. ఉదయగిరి వైపు ఊళ్లలో ఉన్నవాళ్ల కోసం. బుధవారం రాత్రి పదకొండున్నరకు చెట్టు కింద ఫోన్ పైకెత్తి నిలబడ్డ పిల్లల్ని చూశాను. వాళ్లకు చదువు రాక కాదు ఆ తిప్పలు.

ఇంకో మంచి సంగతి ఉంది, చాలామందికి తెలియదు. గడువు లోపల జవాబులు ఎన్నిసార్లయినా పంపొచ్చు. చివరిసారి పంపినదే లెక్కలోకి వస్తుంది. అందుకని శనివారమే ఒకసారి, తెలిసినంత వరకు పంపేయండి. అన్నీ తెలియాలని ఆగకండి. ఆదివారం మళ్లీ ఆలోచించి, సోమవారం సరిదిద్ది మళ్లీ పంపండి. రెండోసారి పంపేటప్పుడు అన్ని ప్రశ్నలకూ జవాబు గుర్తు పెట్టి ఉందో లేదో పైనుంచి కింది దాకా చూసుకోండి.

మార్కుల లెక్క ఒకసారి చెప్పుకుంటే గడువు విలువ తెలుస్తుంది. ఇది ఎన్‌పీటెల్ కోర్సుల లెక్క. స్వయంలో మిగతా సంస్థలు నడిపే కోర్సులకు వేరే లెక్క ఉంటుంది, ఆ కోర్సు పేజీలోనే చూసుకోవాలి. ఎన్‌పీటెల్‌లో అసైన్‌మెంట్లకు 25, చివరి పరీక్షకు 75. పన్నెండు వారాల కోర్సయితే 12 అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన 8 తీసుకుంటారు. ఎనిమిది వారాల కోర్సుకు 8లో 6, నాలుగు వారాల దానికి 4లో 3. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 25కి కనీసం 10, పరీక్షలో 75కి కనీసం 30, రెండూ రావాలి. పరీక్షలో ఎంత బాగా రాసినా అసైన్‌మెంట్లలో 10 రాకపోతే సర్టిఫికెట్ లేదు.

ఒక విద్యార్థికి ఎనిమిది అసైన్‌మెంట్ల సగటు నూటికి 70, పరీక్షలో నూటికి 52 వచ్చాయనుకుందాం. అసైన్‌మెంట్ల వాటా 17.5, పరీక్ష వాటా 39. మొత్తం 56.5. పాసే, కానీ 60 అందుకుంటే వచ్చే ఎలైట్ సర్టిఫికెట్ రాలేదు. అదే పరీక్ష మార్కులతో, అసైన్‌మెంట్ల సగటు 90 ఉండి ఉంటే? 22.5 కలిపి 61.5. పరీక్షలో ఒక్క మార్కు కూడా ఎక్కువ తెచ్చుకోకుండానే ఎలైట్ వచ్చేది. అసైన్‌మెంట్లు ఇంట్లో కూర్చుని, పుస్తకం పక్కన పెట్టుకుని, రెండు మూడుసార్లు దిద్దుకుంటూ చేసేవి. ఆ 25 మార్కులు వదులుకోవడం నాకు బాధగా ఉంటుంది.

పన్నెండులో నాలుగు వదిలేయొచ్చు కదా అని మొదటి రెండు వారాలు వదిలేసినవాళ్లున్నారు. ఆ నాలుగూ మీ దగ్గర దాచుకోవాల్సినవి. జులై విడత కోర్సులు మన దగ్గర వరి నాట్లప్పుడు మొదలవుతాయి, దసరాల దాకా నడుస్తాయి. నాట్లకు ఇంట్లో పిలిస్తే కాదనలేరు. అక్టోబరు అంటే తుపాన్ల నెల. 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటినప్పుడు గజపతి జిల్లా, శ్రీకాకుళం జిల్లా ఎలా ఉన్నాయో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. అలాంటి వారం వస్తే వాడుకోవడానికి ఆ నాలుగు. జులైలో బద్ధకానికి ఖర్చుపెట్టేస్తే అక్టోబరులో చేతిలో ఏమీ ఉండదు.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే విషయం. ఇది ఎంత వివరంగా చెప్పినా తక్కువే, కాబట్టి చెబుతాను.

కోర్సులో ఎన్‌రోల్ అవడం వేరు. పరీక్షకు నమోదు చేసుకోవడం వేరు.

ఎన్‌రోల్ అయితే పాఠాలు చూడొచ్చు, అసైన్‌మెంట్లు పంపొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు. పరీక్ష రాయాలంటే మళ్లీ ఇంకో ఫారం నింపాలి, పరీక్ష ఫీజు కట్టాలి. దానికి వేరే గడువు ఉంటుంది. కోర్సు ఇంకా నడుస్తుండగానే, అసైన్‌మెంట్లు సగం కూడా అవ్వకముందే ఆ గడువు అయిపోతుంది. చాలామంది పిల్లలు "పాఠాలన్నీ అయ్యాక పరీక్ష సంగతి చూద్దాం" అనుకుంటారు. కాలేజీలో అలాగే జరుగుతుంది కాబట్టి. ఇక్కడ పాఠాలన్నీ అయ్యాక చూస్తే ఆ తలుపు ఎప్పుడో మూసి ఉంటుంది.

ఒక అమ్మాయి పన్నెండు వారాలూ వదలకుండా చేసింది. ఇంట్లో చెల్లిని నిద్రపుచ్చి, వంట చేసి, రాత్రి కూర్చుని చేసింది. అసైన్‌మెంట్ల సగటు 88. పరీక్ష ఎప్పుడు మాస్టారూ అని అక్టోబరులో నన్ను అడిగింది. ఫారం నింపావా అంటే, నింపాను కదా జులైలో అంది. జులైలో నింపింది ఎన్‌రోల్ ఫారం. నేను ఆ పిల్ల ముందు ఏమీ అనలేకపోయాను. ఆ విడతలో తనకు పరీక్ష లేదు, సర్టిఫికెట్ లేదు, డిగ్రీలో కలిసే క్రెడిట్లు లేవు. నేర్చుకున్నది తనదే, ఎవరూ తీసుకోలేరు. కానీ కాలేజీలో చూపించడానికి ఒక్క కాగితం లేదు.

గుణుపూర్ నుంచి వచ్చే పాసింజర్ కోసం మన స్టేషన్‌కు వెళతాం. ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద కూర్చుంటాం. ఎంతసేపు కూర్చున్నా టికెట్ దానంతట అది చేతికి రాదు. కౌంటర్ దగ్గరికి వెళ్లాలి, డబ్బు ఇవ్వాలి, కాగితం తీసుకోవాలి. ఎన్‌రోల్ అవడం ప్లాట్‌ఫారం మీదికి రావడం. పరీక్ష నమోదు టికెట్ కొనడం. ఇంకా చెప్పాలంటే ఊళ్లో ఉండటం వేరు, ఓటరు జాబితాలో పేరు ఉండటం వేరు. కాలేజీ గేటు లోపలికి వెళ్లడం వేరు, హాజరు పట్టీలో పేరు ఎక్కడం వేరు. రేషన్ దుకాణం ముందు వరసలో నిలబడటం వేరు, కార్డు చేతిలో ఉండటం వేరు. మీకు ఏ పోలిక గుర్తుంటే అది పెట్టుకోండి.

ఆ ఫారం నింపేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. కోర్సులో చేరిన మెయిల్ ఐడీతోనే పరీక్ష ఫారం నింపాలి. రెండు మెయిళ్లు వాడితే మీ అసైన్‌మెంట్ల మార్కులు ఒకచోట, మీ పరీక్ష ఇంకోచోట ఉంటాయి. నెట్ సెంటర్ ఖాతా వద్దని ఇందాక అంత గట్టిగా చెప్పింది అందుకే.

తర్వాత పేరు. ఇది మన వైపు తెలుగు ఇళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఒడిశా బడుల్లో ఇంటిపేరు చివర రాయడం అలవాటు. దాంతో మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా, బ్యాంకు పాస్‌బుక్‌లో మూడో రకంగా పేర్లున్న పిల్లలు నా దగ్గరే పదిమంది ఉన్నారు. ఒకచోట ఇంటిపేరు ఒక్క అక్షరంగా మిగిలింది, ఒకచోట పూర్తిగా ఉంది, ఒకచోట రావు అన్నదే ఇంటిపేరైపోయింది. పరీక్ష ఫారంలో మీరు రాసిన పేరే సర్టిఫికెట్ మీద అచ్చవుతుంది. పరీక్ష హాల్లో చూపే గుర్తింపు కార్డు మీద పేరు దానితో కలవాలి. అందుకని ఫారం తెరవకముందే మీ కాగితాలన్నీ నేల మీద పరిచి, ప్రతిదాంట్లో పేరు ఎలా ఉందో ఒక కాగితం మీద అక్షరం అక్షరం రాసుకోండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోవడం మొదలుపెట్టండి. ఆధార్ దిద్దుబాటు ఒక్కరోజులో అయ్యే పని కాదు.

పరీక్ష ఊరు కూడా ఫారంలోనే ఎంచుకోవాలి. పరీక్ష ఇంట్లో రాసేది కాదు, కేంద్రానికి వెళ్లి అక్కడి కంప్యూటర్ ముందు రాయాలి. పొద్దున పరీక్ష 9 గంటలకు, మధ్యాహ్నం పరీక్ష 2 గంటలకు మొదలవుతుంది. ఫారంలో ఉన్న ఊళ్ల పట్టీలో ఏది దగ్గరో కాదు, ఏ ఊరికి పొద్దున వేళకు చేరగలరో చూడండి. బరంపురం ఒడిశాలోనే ఉంది కదా అని పెట్టి, ముందురోజు రాత్రి ఎక్కడ ఉండాలో తెలియక ఇబ్బంది పడినవాళ్లున్నారు. మీకు శ్రీకాకుళంలోనో విశాఖలోనో మేనమామో పిన్నో ఉంటే ఆ ఊరే మేలు. ఆడపిల్లల విషయంలో ఇంట్లోవాళ్లు చివరి నిమిషంలో వద్దనడానికి ముఖ్య కారణం ఇదే. ఫారం నింపేరోజే అమ్మానాన్నలతో కూర్చుని ఈ మాట తేల్చుకోండి.

ఫీజు కట్టాక డబ్బు పోయిందో లేదో చూసి ఊరుకోకండి. ఫారం పేజీలోకి మళ్లీ వెళ్లి, నమోదు పూర్తయినట్టు అక్కడ కనబడుతుందో లేదో చూడండి. ఆ పేజీని ఫొటో తీసి ఉంచుకోండి. తర్వాత హాల్ టికెట్ వేరుగా దింపుకోవాలి. అదీ ఎవరూ ఇంటికి పంపరు.

మీ కాలేజీలో ఈ క్రెడిట్లు కలుపుకుంటారా అన్నది కూడా ఇప్పుడే అడగాలి. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు స్వయంలో చేయనివ్వొచ్చు. కానీ ఏ కోర్సు ఒప్పుకుంటారో మీ కాలేజీ చెప్పాలి. నోటిమాట చాలదు, కాగితం మీద తీసుకోండి. పన్నెండు వారాల కోర్సుకు 3 క్రెడిట్లు, ఎనిమిది వారాలకు 2, నాలుగు వారాలకు 1. మొదటిసారి చేసేవాళ్లకు నేనైతే ఎనిమిది వారాలదే ఎంచుకోమంటాను. నాలుగు వారాలది ఊపు అందుకునేలోపే అయిపోతుంది. పన్నెండు వారాలది మొదటిసారికి బరువు.

సరే, ఇప్పుడు వీడియో, నోట్సు.

నా పద్ధతి చాలామందికి తిరగేసినట్టు అనిపిస్తుంది. వీడియో కంటే ముందు అసైన్‌మెంట్ ప్రశ్నలు చదువుతాను. అర్థం కాకపోయినా పరవాలేదు. ఏ మాటలు అడుగుతున్నారో కంటికి తెలియాలి. తర్వాత ఆ పాఠం రాతప్రతి, అంటే వీడియోలో చెప్పిన మాటలు రాసిపెట్టినది, ఉంటే ఒకసారి చదువుతాను. కొన్ని కోర్సుల పాఠాలు తెలుగులో కూడా రాసి పెట్టారు, మీ కోర్సు పేజీలో వెతకండి. ఆ తర్వాతే వీడియో. అరగంట వీడియోకు గంటన్నర పడుతుంది. పట్టాలి కూడా. డేటా తక్కువ ఉన్నవాళ్లు నాణ్యత తగ్గించుకుని చూడండి, బోర్డు మీద అక్షరాలు కనబడితే చాలు. తెల్లవారుజామున నాలుగున్నరకు సిగ్నల్ బాగుంటుంది, ఇంట్లో సద్దు ఉండదు. నాకు ఆ వేళే ఇష్టం.

గంటన్నర ఎందుకంటే, మాస్టారు బోర్డు మీద లెక్క రాసిన వెంటనే వీడియో ఆపాలి. ఆ లెక్క మీరు చేయాలి. చేశాకే మళ్లీ నడపాలి.

సంభావ్యత పాఠం నుంచి ఒక లెక్క తీసుకుందాం. రెండు పాచికలు వేస్తే మొత్తం 9 రావడానికి సంభావ్యత ఎంత? వీడియో ఆపకుండా చూసిన ముగ్గురిని అడిగాను. ముగ్గురూ తలూపి, తెలుసు మాస్టారూ అన్నారు. కాగితం ఇస్తే ఇద్దరు 3, 6 ఒకటి, 4, 5 ఒకటి అని రెండే లెక్కపెట్టి 36లో 2 అని రాశారు. వీడియోలో సార్ నాలుగు రాశారు. మొదటి పాచిక మీద 3, రెండోదాని మీద 6 రావడం వేరు, మొదటిదాని మీద 6, రెండోదాని మీద 3 రావడం వేరు. అలాగే 4, 5 కూడా రెండు రకాలు. మొత్తం 4, కాబట్టి 36లో 4, అంటే 9లో 1. సార్ రాస్తుంటే చూసినప్పుడు అది చాలా తేలిగ్గా అనిపించింది. చేయి పెట్టినప్పుడు తప్పింది. ఈ తప్పు వీడియో ఆపిన చోటే జరగాలి, పరీక్ష హాల్లో కాదు. పక్కన పాచికలు లేకపోతే 1 నుంచి 6 దాకా రాసిన చీటీలు రెండు డబ్బాల్లో వేసుకుని, ఒక్కోదాంట్లోంచి ఒక్కోటి తీసి చూడండి.

నోట్సులో వీడియోలో చెప్పిన వాక్యాలు దింపకండి. నోట్సు మూడు రకాలే: మీరు ఆపి చేసిన లెక్క, అందులో మీరు చేసిన తప్పు, తర్వాత ఎవరినైనా అడగాల్సిన ప్రశ్న. తప్పు కొట్టేయకండి, పక్కన ఎర్ర సిరాతో సరైనది రాయండి. పరీక్ష ముందురోజు చదవాల్సింది ఆ ఎర్ర సిరానే.

దీనితోపాటు ఒక చిన్న పుస్తకం వేరుగా పెట్టుకోండి, మాటల కోసం. మన పిల్లలది మూడు భాషల బతుకు. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, కోర్సు ఇంగ్లీషులో. దీన్ని బరువు అనుకోకండి. సమీకరణం, వర్గమూలం, త్రిభుజం లాంటి మాటలు మన రెండు భాషల్లోనూ ఒకటే. ఇంగ్లీషు మాట ఒక్కటి నేర్చుకుంటే రెండు భాషల్లో ఆ ఊహ మీకు అప్పటికే ఉంది. కానీ కొన్ని మాటలు మోసం చేస్తాయి. తెలుగు లెక్కల పుస్తకంలో నిష్పత్తి అంటే రేషియో, అనుపాతం అంటే ప్రపోర్షన్. ఒడియా పుస్తకంలో అనుపాత అంటే రేషియో, ప్రపోర్షన్‌ను సమానుపాత అంటారు. ఒడియా మీడియంలో చదివిన అబ్బాయి తెలుగు రాతప్రతిలో అనుపాతం చూసి రేషియో అనుకుని మూడు లెక్కలు తప్పు చేశాడు. తెలివి తక్కువై కాదు, మాట అడ్డం తిరిగింది. అందుకని పుస్తకంలో మూడు గళ్లు గీసుకోండి. మొదటి గడిలో ఇంగ్లీషు మాట, రెండో గడిలో తెలుగు, మూడో గడిలో ఒడియా. మూడూ ఒకటేనా కాదా అని ఒక గుర్తు.

మన ఊళ్లో ఈ పని చేసిన పెద్దాయన ఉన్నారు. గిడుగు రామమూర్తి గారు 1880లో పర్లాకిమిడి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. మన కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకోవాలనిపించింది. పుస్తకం లేదు, పాఠం చెప్పే బడి లేదు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, అడిగి అడిగి, ఒక్కో మాటా రాసుకుంటూ నేర్చుకున్నారు. ఆ కాగితాల నుంచే 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వచ్చాయి. ఆయనకూ ఎవరూ గంట కొట్టలేదు. మీ మూడు గళ్ల పుస్తకం మొదటి పేజీ రాసేటప్పుడు ఆయన్ని తలుచుకోండి, నేను అలాగే చేస్తాను.

ఈ వారం అభ్యాసం. కష్టమైనదే ఇస్తున్నాను, ఎందుకంటే పోయినసారి తేలికది ఇచ్చి చూశాను.

ఆరు కోర్సుల్లో ఉన్నవాళ్లు ఒక్కటి ఉంచుకుని మిగతావి వదిలేయండి. ఏది ఉంచుకున్నారో, ఎందుకో నాలుగు వాక్యాల్లో రాయండి. గోడ క్యాలెండర్‌లో అన్ని సోమవారాలూ, పరీక్ష నమోదు చివరి తేదీ, దసరా, నాట్ల రోజులు గుర్తు పెట్టండి. నమోదు చివరి తేదీ చుట్టూ ఎర్ర గీత గీయండి. అది ఇంట్లో అందరికీ కనబడే చోట ఉండాలి. నాలుగు కాగితాల్లో మీ పేరు ఎలా ఉందో రాసిన పట్టీ తయారుచేయండి. ఒక వీడియో, ఒక్కటే, నేను చెప్పినట్టు ఆపి ఆపి చూడండి. కనీసం ఐదు చోట్ల ఆపాలి, ఐదు చోట్లా మీ చేతి లెక్క ఉండాలి. శనివారం ఒకసారి, సోమవారం ఒకసారి అసైన్‌మెంట్ పంపండి. రెండుసార్లకూ మధ్య ఏ జవాబు మార్చారో, ఎందుకు మార్చారో పక్కన రాయండి.

చివరిది అందరికంటే ఎక్కువగా ఆడపిల్లలకు చెబుతున్నాను. ఈ వారం నేర్చుకున్నది అమ్మకో నాయనమ్మకో ఐదు నిమిషాలు తెలుగులో చెప్పండి, ఇంగ్లీషు వాక్యం రాకుండా. వాళ్లు మధ్యలో అడిగిన ప్రశ్న ఒక్కటైనా రాసుకుని రండి. పోయిన ఏడాది ఒక నాయనమ్మ, "పాచికకు ఆరు ముఖాలే ఎందుకు లెక్కేశావు, అంచు మీద నిలబడితేనో?" అని అడిగింది. ఆ పిల్ల ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని రెండు రోజులు ఆలోచించింది. మీరు తెచ్చే ప్రశ్నలతోనే నాలుగో పాఠం మొదలుపెడతాను.